జాజ్, సోల్ గాయకులు

అమెరికా సంయుక్త రాష్ట్రాల నల్లజాతి సమాజంలో ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన రెండు గానపద్ధతులు జాజ్, సోల్. జాజ్ గానం 1920లలో రూపు కట్టి 1960ల దాకా ఉచ్చదశలో ఉంది. సోల్ 1950ల మధ్యలో మొదలై ఇరవయ్యేళ్లపాటు ప్రజాదరణలో ముందు వరసన నిలిచింది. ఈ రంగంలో ప్రసిద్ధుల పేర్లు చాలామంది పాఠకులు విన్నవే. వారికి ఏమాత్రం తీసిపోకుండా పాడి కూడా మరుగున పడ్డవారు ఎందరో ఉన్నారు. అందుకు కారణం ఎక్కువసార్లు గొంతు కాదు, రికార్డు కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం. ఈ వ్యాసం వారికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తుంది.

నిర్వచనం, పరిధి

జాజ్ గాయకుడు పాడేది చాలావరకు తన కోసం రాసిన పాట కాదు. బ్రాడ్‌వే నాటకాలకు, సినిమాలకు జార్జ్ గెర్ష్విన్, కోల్ పోర్టర్, రిచర్డ్ రాడ్జర్స్ వంటివారు కట్టిన పాటలే ఈ సంప్రదాయానికి పెట్టుబడి. వీటిని స్టాండర్డులు అంటారు. అందరికీ తెలిసిన బాణీని తీసుకుని, దాని నడకను, స్వరాలను, విరుపులను ఆ పూటకు తగ్గట్టు మార్చి పాడటమే జాజ్ గానం. ఒకే స్టాండర్డుకు పదుల కొద్దీ రికార్డులు ఉంటాయి. మంచి గాయకుల చేతిలో వాటిలో ఏ ఒక్కటీ మరొకదానికి నకలు కాదు.

సోల్ సంగతి వేరు. నల్లజాతి క్రైస్తవుల చర్చిల్లో వినిపించే గాస్పెల్ పద్ధతిని ప్రేమకు, ఎడబాటుకు, బతుకు బాధలకు మళ్లించి, రిథమ్ అండ్ బ్లూస్ వాద్యబృందంతో కలిపి పాడేది సోల్. ఇందులో పాటలు చాలావరకు కొత్తవి, ఆ గాయకుడి గొంతును దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఈ పేర్లలో సంగీతశాస్త్రం పాలు ఎంతో, వ్యాపారం పాలు అంత. నల్లవారి రికార్డుల అమ్మకాల పట్టికను 'బిల్‌బోర్డ్' పత్రిక 'రేస్ రికార్డులు' అనేది. 1949లో దాన్ని 'రిథమ్ అండ్ బ్లూస్'గా, 1969లో 'సోల్'గా మార్చింది. డైనా వాషింగ్టన్, రే చార్ల్స్, నీనా సిమోన్, ఎట్టా జేమ్స్ వంటివారిని ఏదో ఒక గదిలో పెట్టడం కష్టం. డైనా వాషింగ్టన్ చర్చిలో మొదలుపెట్టి, బ్లూస్‌తో పేరు తెచ్చుకుని, జాజ్ వాద్యకారులతో రికార్డులు చేసి, 1959లో తీగవాద్యాల నేపథ్యంతో వచ్చిన 'వాట్ ఎ డిఫరెన్స్ ఎ డే మేక్స్' పాటతో అన్ని రకాల శ్రోతలకూ చేరింది.

పూర్వరంగం: బ్లూస్ గాయనులు

బానిసత్వ కాలంనాటి పనిపాటలు, స్పిరిచువల్స్ అనే భక్తిపాటలు, మిసిసిపీ పరిసరాల బ్లూస్ రెండు పద్ధతులకూ మూలాలు. 1920 ఆగస్టులో మేమీ స్మిత్ 'క్రేజీ బ్లూస్' పాడి ఓకే కంపెనీకి రికార్డు ఇచ్చింది. అది విరివిగా అమ్ముడుపోవడంతో నల్లజాతి శ్రోతలూ డబ్బు పెట్టి రికార్డులు కొంటారని కంపెనీలకు తెలిసివచ్చింది.

ఆ తరంలో శిఖరం బెస్సీ స్మిత్ (1894–1937). టెనెసీలోని చటనూగాలో పుట్టి, డేరా ప్రదర్శనల్లో పెరిగింది. కొలంబియా కంపెనీకి ఆమె మొదటి రికార్డు 1923లో వచ్చింది. అప్పట్లో మైక్ లేదు. పాడేవాళ్లు ఒక పెద్ద గొట్టంలోకి పాడితే ఆ ధ్వని ఒత్తిడికే సూది కదిలి మైనం మీద గాడి గీసేది. చిన్న గొంతు అందులో నిలవదు. బెస్సీ గొంతు డేరా చివరి వరస దాకా వినిపించే గొంతు కనుక ఆ పరికరాన్ని గెలిచింది. 1925లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ తోడుగా ఆమె పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్' ఇప్పుడు వింటే గరగర మధ్యనుంచే వినపడుతుంది. అయినా మాట మాటా తెలుస్తుంది.

మైక్రోఫోన్, స్కాట్

1925లో విద్యుత్ రికార్డింగ్ వచ్చింది. మైక్ ముందు గుసగుస కూడా నిలుస్తుంది. జాజ్ గానచరిత్రలో ఏ గాయకుడికన్నా ఈ పరికరం పాత్రే పెద్దదని చెప్పవచ్చు. అరవనక్కరలేని గాయకుడికి లయతో ఆడుకునే తీరిక దొరికింది.

రెండో మలుపు ఆర్మ్‌స్ట్రాంగ్ (1901–1971) తెచ్చినది. 1926లో తన హాట్ ఫైవ్ బృందంతో చేసిన 'హీబీ జీబీస్'లో మాటలు వదిలేసి అర్థంలేని అక్షరాలతో ఆలాపించాడు. దీన్ని స్కాట్ అంటారు. పాట కాగితం చేజారి కిందపడటంతో అలా పాడాడన్న కథ ప్రచారంలో ఉంది. అంతకుముందే స్కాట్ పాడినవారు ఉన్నారు కాబట్టి ఆ కథను కథగానే తీసుకోవాలి. కర్ణాటక సంగీతం తెలిసినవారికి స్కాట్ వినగానే కల్పనస్వరాలు గుర్తుకొస్తాయి. పోలిక కొంతవరకే నిలుస్తుంది. కల్పనస్వరంలో పలికే అక్షరం ఆ స్వరం పేరే. స్కాట్‌లో అక్షరానికి స్వరంతో అలాంటి ముడి లేదు. ట్రంపెట్‌కో సాక్సఫోన్‌కో దగ్గరగా ఏ ధ్వని ఉంటే అది పలుకుతారు.

ప్రధాన జాజ్ గాయకులు

బిల్లీ హాలిడే (1915–1959) గొంతు పరిధి చిన్నది. స్కాట్ దాదాపు పాడలేదు. ఆమె బలమంతా కాలంలో ఉంది. బృందం తాళం నిక్కచ్చిగా నడుస్తుంటే ఆమె మాట ఒక అర మాత్ర ఆలస్యంగా వచ్చి, వాక్యం చివరికి వచ్చేసరికి మళ్లీ దానితో కలుస్తుంది. బాణీ ఎక్కడైనా పైకి ఎగబాకితే దాన్ని ఒకటి రెండు స్వరాలకు కుదించి, మాట్లాడినట్టు పాడుతుంది. 1935 నుంచి పియానో వాద్యకారుడు టెడ్డీ విల్సన్ బృందంతో, 1937 నుంచి సాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ తోడుగా చేసిన రికార్డుల్లో ఈ పద్ధతి స్పష్టంగా వినిపిస్తుంది. వినడం మొదలుపెట్టేవారు ఇక్కడ మొదలుపెట్టడం మేలు.

1939లో ఆమె పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారిని చెట్లకు ఉరితీసిన మూకహత్యల గురించి. రాసినది ఏబెల్ మీరోపోల్ అనే న్యూయార్క్ ఉపాధ్యాయుడు. నల్లవారినీ తెల్లవారినీ కలిపి కూర్చోబెట్టిన కెఫే సొసైటీ క్లబ్బులో ఈ పాట చివరన వచ్చేది. వడ్డన ఆపేసి, దీపాలు తీసేసి, ఆమె ముఖం మీద మాత్రం వెలుగు ఉంచేవారు. అప్పట్లో ఆమెతో ఒప్పందం ఉన్న కొలంబియా ఆ పాటను రికార్డు చేయడానికి వెనకాడింది. చిన్న కంపెనీ కమొడోర్ ముందుకొచ్చింది. 1947లో మాదకద్రవ్యాల కేసులో జైలుకు వెళ్లడంతో మద్యం అమ్మే చోట్ల పాడేందుకు న్యూయార్క్‌లో తప్పనిసరైన అనుమతి కార్డు ఆమెకు రద్దయింది. దాంతో కార్నెగీ హాలులో పాడగలిగిన గాయని అదే ఊళ్లో చిన్న క్లబ్బులో పాడలేకపోయింది. 1958 నాటి 'లేడీ ఇన్ సాటిన్'లో గొంతు బొంగురుపోయింది. కొందరికి అదే ఆమె గొప్ప రికార్డు, మరికొందరికి వినలేని రికార్డు. ఈ వాదం ఇంకా తేలలేదు.

ఎల్లా ఫిట్జెరాల్డ్ (1917–1996) ఇందుకు పూర్తిగా భిన్నం. శుద్ధమైన స్వరం, స్పష్టమైన ఉచ్చారణ, విశాలమైన పరిధి. 1934లో హార్లెమ్‌లోని అపోలో థియేటర్ ఔత్సాహికుల పోటీలో గెలిచి, డ్రమ్స్ వాద్యకారుడు చిక్ వెబ్ బృందంలో చేరింది. 1956లో నిర్మాత నార్మన్ గ్రాంజ్ స్థాపించిన వర్వ్ కంపెనీకి కోల్ పోర్టర్ పాటల సంపుటి పాడింది. ఒక్కో స్వరకర్తకు ఒక్కో సంపుటి చొప్పున సాగిన ఆ వరస స్టాండర్డులకు ప్రామాణిక పాఠంగా నిలిచింది. 1960లో బెర్లిన్ కచేరీలో 'మాక్ ది నైఫ్' పాడుతూ మాటలు మరిచిపోయి, అప్పటికప్పుడు కొత్త మాటలు కట్టి పూర్తిచేసింది. ఆ రికార్డుకు గ్రామీ బహుమతి వచ్చింది.

సారా వాన్ (1924–1990) కూడా అపోలో పోటీ నుంచే వచ్చింది. బీబాప్ అనే జాజ్ శాఖ వాద్యకారుల మధ్య పెరగడంతో స్వరసంగతి జ్ఞానం ఆమెలో వాద్యకారుడి స్థాయిలో ఉండేది. కార్మెన్ మెక్‌రే మాటల అర్థానికి, కాస్త వెటకారానికి పేరుపడింది. అనీటా ఓడే, పెగ్గీ లీ శ్వేతజాతి గాయనుల్లో ముఖ్యులు. పురుషుల్లో నాట్ కింగ్ కోల్, కౌంట్ బేసీ బృందానికి పాడిన జిమ్మీ రషింగ్, జో విలియమ్స్ ప్రసిద్ధులు. కోల్ గాయకుడిగా ఎంత పేరు తెచ్చుకున్నా, పియానో వాద్యకారుడిగా అంతకు తక్కువవాడు కాదు.

నీనా సిమోన్ (1933–2003) పాశ్చాత్య శాస్త్రీయ పియానో కళాకారిణి కావాలనుకుంది. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ చేర్చుకోలేదు. జాతివివక్షే కారణమని ఆమె జీవితాంతం నమ్మింది. జీవనోపాధికి అట్లాంటిక్ సిటీ బారులో పియానో వాయిస్తుంటే, పాడితేనే ఉద్యోగమన్నారు. అలా గాయని అయింది. 1963లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ హత్య, బర్మింగ్‌హామ్ చర్చి బాంబుపేలుడులో నలుగురు బాలికల మరణం తరవాత రాసిన 'మిసిసిపీ గాడామ్' ఆమె గానాన్ని ఉద్యమం వైపు తిప్పింది. మరణానికి కొద్దిరోజుల ముందు అదే కర్టిస్ సంస్థ ఆమెకు గౌరవ పట్టా ఇచ్చింది.

జాజ్: మరుగున పడ్డవారు

జానీ హార్ట్‌మన్ (1923–1983) నిండైన మంద్రస్వరం గల గాయకుడు. జాన్ కోల్ట్రేన్ సాక్సఫోన్ తోడుగా 1963లో ఆరే పాటలతో వచ్చిన సంపుటి జాజ్ గానంలో అత్యంత శాంతమైన రికార్డుల్లో ఒకటి. తరవాత ఆయనకు ఆ స్థాయి అవకాశం మళ్లీ రాలేదు.

జిమ్మీ స్కాట్ (1925–2014) కాల్‌మన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య స్థితి వల్ల యౌవనదశకు చేరలేదు. గొంతు పిల్లవాడి గొంతులా పలచగా, ఎత్తులోనే ఉండిపోయింది. రే చార్ల్స్ సొంత కంపెనీ కోసం 1960ల మొదట్లో ఒక సంపుటి పాడాడు, చార్ల్స్ స్వయంగా పియానో వాయించాడు. పాత ఒప్పందం తనదేనని మరో కంపెనీ అడ్డుపడటంతో అది వెంటనే బజారు నుంచి వెనక్కి పోయింది. స్కాట్ హోటళ్లలో, ఆస్పత్రుల్లో పనులు చేసుకుని బతికాడు. 1992లో 'ఆల్ ది వే' సంపుటితో తిరిగి వచ్చేనాటికి అతనికి అరవై ఏడేళ్లు.

షర్లీ హార్న్ (1934–2005) తన పాటకు తానే పియానో వాయించేది. ఆమె విలంబితం ఎంత నెమ్మదంటే తోడు వాద్యకారులు తాళం పట్టుకోవడానికే శ్రమపడతారు. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ మెచ్చుకుని న్యూయార్క్‌కు పిలిపించినా, కూతురిని పెంచడానికి ఆమె చాలాకాలం వాషింగ్టన్ విడవలేదు. బెట్టీ కార్టర్ కంపెనీలతో పడక సొంత కంపెనీ పెట్టుకుంది. వాద్యకారుల ఆలాపనలకు మాటలు కట్టి పాడే వోకలీజ్ పద్ధతిలో ఎడ్డీ జెఫర్సన్, కింగ్ ప్లెజర్, లాంబర్ట్–హెండ్రిక్స్–రాస్ బృందం ముఖ్యులు.

సోల్: గాస్పెల్ మూలం

సోల్ గాయకుల్లో ఎక్కువమంది చర్చి పాటతో మొదలుపెట్టినవారే. మహేలియా జాక్సన్, సిస్టర్ రోసెటా థార్ప్, సోల్ స్టిరర్స్ బృందం వారికి గురుస్థానంలో ఉన్నారు. ప్రధాన గాయకుడు ఒక మాట విసిరితే బృందం బదులు పలకడం, ఒకే అక్షరాన్ని అనేక స్వరాల మీదుగా లాగడం, ఉద్వేగం పెరిగినప్పుడు గొంతును కావాలని గరగరలాడించడం ఆ పద్ధతి లక్షణాలు. ఇవన్నీ సోల్‌లోకి యథాతథంగా వచ్చాయి.

రే చార్ల్స్ (1930–2004) 1954లో 'ఐ గాట్ ఎ ఉమన్' రికార్డు చేశాడు. అప్పటి ఒక గాస్పెల్ పాట చట్రంలో ప్రియురాలిని నిలిపి కట్టిన పాట అది. భక్తులు అపచారమన్నారు, రికార్డు మాత్రం ఆగలేదు. సోల్ స్టిరర్స్ ప్రధాన గాయకుడు శామ్ కుక్ (1931–1964) తొలి లౌకిక పాటను చర్చి శ్రోతలకు జడిసి డేల్ కుక్ అనే మారుపేరుతో విడుదల చేశాడు. ఆ గొంతును ఎవరూ పోల్చుకోకుండా ఉండలేదు. 1957లో సొంత పేరుతో వచ్చిన 'యూ సెండ్ మీ' అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్లింది. పౌరహక్కుల గీతంగా నిలిచిన 'ఎ చేంజ్ ఈజ్ గోనా కమ్' 1964లో రికార్డయింది. ఆ ఏడాది డిసెంబరులోనే లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్‌లో తుపాకి కాల్పుల్లో కుక్ చనిపోయాడు.

ప్రాంతీయ శాఖలు

డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ 1959లో ప్రారంభించిన సంస్థ మోటౌన్. ఒక మామూలు ఇంట్లోనే స్టూడియో. ఫంక్ బ్రదర్స్ అనే నిలయ వాద్యబృందం, వారిలో జేమ్స్ జేమర్సన్ బాస్ గిటార్, రెండో నాలుగో దెబ్బల మీద టాంబురిన్, వెనక తీగవాద్యాలు దీని గుర్తులు. తెల్లవారి రేడియోల్లో కూడా వినిపించాలన్నది గోర్డీ లక్ష్యం కాబట్టి గాయకులకు నడక, మాటతీరు కూడా నేర్పించారు. స్మోకీ రాబిన్‌సన్, సుప్రీమ్స్, స్టీవీ వండర్ ఇక్కడివారే. మార్విన్ గే (1939–1984) 1971లో వియత్నాం యుద్ధం, నిరుద్యోగం, పర్యావరణం గురించి 'వాట్స్ గోయింగ్ ఆన్' సంపుటి చేశాడు. అదే పేరుగల పాటను గోర్డీ మొదట విడుదల చేయనన్నాడు.

మెంఫిస్‌లోని స్టాక్స్ కంపెనీ పాటల స్వభావం మోటుగా, సూటిగా ఉంటుంది. జిమ్ స్టువర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఒక పాత సినిమా హాలును స్టూడియోగా మార్చారు. ప్రేక్షకుల కోసం వాలుగా కట్టిన నేలను అలాగే ఉంచేశారు. నేల అలా వాలుగా ఉండటం వల్ల ధ్వనికి ఒక బరువు వచ్చింది. నల్లవారూ తెల్లవారూ కలిసిన బుకర్ టి అండ్ ది ఎమ్‌జీస్ ఇక్కడి నిలయ వాద్యబృందం. మోటౌన్‌లో ఆడగొంతుల బృందం చేసే పని ఇక్కడ ట్రంపెట్, సాక్సఫోన్లు చేస్తాయి. ఒటిస్ రెడ్డింగ్ (1941–1967) ఈ శాఖకు ప్రతినిధి. 1967 డిసెంబరు 10న విస్కాన్సిన్‌లో విమానం సరస్సులో కూలి మరణించాడు. కొద్దిరోజుల ముందే రికార్డు చేసిన 'డాక్ ఆఫ్ ది బే' 1968లో బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానం పొందింది. గాయకుడి మరణానంతరం ఆ స్థానానికి చేరిన తొలి పాట అదే.

అలబామాలోని మజిల్ షోల్స్ చిన్న ఊరు. అక్కడ రిక్ హాల్ నడిపిన ఫేమ్ స్టూడియో నిలయ వాద్యకారులు తెల్లవారు. అరీథా ఫ్రాంక్లిన్ (1942–2018) దశ తిరిగింది అక్కడే. ప్రసిద్ధ బోధకుడి కూతురు, డెట్రాయిట్ చర్చిలో పెరిగింది. కొలంబియాలో ఆరేళ్లపాటు స్టాండర్డులు, జాజ్ పాటలు పాడింది. గొంతు అదే, ఫలితం అంతంతమాత్రం. అట్లాంటిక్ కంపెనీ 1967 జనవరిలో ఆమెను ఫేమ్‌కు తీసుకెళ్లి, పియానో ముందు కూర్చోబెట్టి, ఆమె వాయిస్తూ పాడుతుంటే బృందాన్ని వెంట నడవమంది. 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్' ఒక్కరోజులో పూర్తయింది. రెండో పాట సగంలో ఉండగా గొడవ జరిగి అందరూ వెళ్లిపోయారు. మిగతా పనికి ఆ వాద్యకారులనే న్యూయార్క్ రప్పించారు. ఒటిస్ రెడ్డింగ్ 1965లో మగవాడి మాటగా రాసి పాడిన 'రెస్పెక్ట్' అక్కడే ఆమె చేతిలో ఆడదాని డిమాండుగా మారింది. 1972లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక చర్చిలో పాడిన 'అమేజింగ్ గ్రేస్' సంపుటి వింటే ఆమె గొంతు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

షికాగోలో కర్టిస్ మేఫీల్డ్, ఎట్టా జేమ్స్, మెంఫిస్‌లోనే హై రికార్డ్స్‌కు పాడిన అల్ గ్రీన్, ఆన్ పీబుల్స్, ఫిలడెల్ఫియాలో గాంబుల్, హఫ్ నిర్మించిన బృందాలు ఇతర ముఖ్య శాఖలు. జేమ్స్ బ్రౌన్ (1933–2006) సోల్‌ను లయప్రధానమైన ఫంక్ వైపు నడిపించాడు.

సోల్: మరుగున పడ్డవారు

జేమ్స్ కార్ (1942–2001) మెంఫిస్‌లో గోల్డ్‌వాక్స్ అనే చిన్న కంపెనీకి పాడాడు. 1967 నాటి 'ది డార్క్ ఎండ్ ఆఫ్ ది స్ట్రీట్' దొంగచాటు ప్రేమ గురించిన పాట. తరవాత ఎందరో పాడినా కార్ పాఠాన్ని దాటినవారు లేరని విమర్శకుల్లో విస్తృతంగా ఉన్న అభిప్రాయం. మానసిక అనారోగ్యం అతని వృత్తిని మధ్యలోనే ఆపేసింది.

బెట్టీ లావెట్ పదహారేళ్లకే, 1962లో, పాటల పట్టికకెక్కింది. 1972లో మజిల్ షోల్స్‌లో పూర్తి సంపుటి పాడితే కంపెనీ కారణం చెప్పకుండా అటకెక్కించింది. అది 2000లో ఫ్రాన్స్‌లో విడుదలయ్యాక అరవయ్యో పడికి దగ్గరపడుతూ ఆమె రెండో జీవితం మొదలుపెట్టింది. న్యూ ఆర్లియన్స్ గాయని అర్మా థామస్ 1964లో పాడిన 'టైమ్ ఈజ్ ఆన్ మై సైడ్'ను అదే ఏడు రోలింగ్ స్టోన్స్ పాడి పేరు కొట్టేశారు. ఆమెకు గ్రామీ 2007లో వచ్చింది. డానీ హాథవే (1945–1979) శాస్త్రీయ శిక్షణ ఉన్న స్వరకర్త. 1972 నాటి 'లైవ్' సంపుటిలో శ్రోతలు కూడా బృందంలో భాగమైపోవడం వినవచ్చు. బిల్ విదర్స్ (1938–2020) విమానాల మరుగుదొడ్ల పరికరాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ పాటలు రాశాడు. 1985 తరవాత కంపెనీలతో విసిగి మానేశాడు.

ఇలాంటి రికార్డులకు అమెరికా కన్నా ముందు ఉత్తర ఇంగ్లండ్‌లో ఆదరణ దొరికింది. అమ్ముడుపోని 1960ల సోల్ రికార్డులను వెతికి తెచ్చి రాత్రంతా నృత్యం చేసే ఆ సంప్రదాయాన్ని నార్దర్న్ సోల్ అంటారు. 1973 నుంచి 1981 దాకా నడిచిన విగన్ కాసినో దానికి కేంద్రం.

ఒప్పందాలు, రాయల్టీలు

పంపిణీ కోసం అట్లాంటిక్‌తో 1965లో రాసుకున్న ఒప్పందంలో మాస్టర్ టేపుల హక్కు అట్లాంటిక్‌దేనన్న షరతు ఉన్నట్టు స్టాక్స్ యజమానికి అట్లాంటిక్ చేతులు మారాక గానీ తెలియలేదు. రెడ్డింగ్ పాటలతో సహా 1968 వరకు పంపిణీ అయిన రికార్డుల మీద స్టాక్స్ హక్కు పోయింది. 1950లలో అట్లాంటిక్‌ను నిలబెట్టిన గాయని రూత్ బ్రౌన్ (1928–2006) తరవాత ఇళ్లలో పనిచేసి, బస్సు నడిపి బతకాల్సి వచ్చింది. రాయల్టీల కోసం ఏళ్లతరబడి ఆమె చేసిన పోరాటం ఫలితంగానే పాత కళాకారులకు సాయపడే రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ 1988లో ఏర్పడింది.

భారతీయ సంబంధం

ముంబైలో హిందుస్తానీ సంగీతం నేర్చుకున్న ఆశా పుత్లీ అమెరికా వెళ్లి, సాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ 'సైన్స్ ఫిక్షన్' సంపుటిలో రెండు పాటలు పాడింది. స్వేచ్ఛా జాజ్‌లో ఒక భారతీయ గాయనికి అంతటి స్థానం అరుదు. రవిశంకర్ కుమార్తె నోరా జోన్స్ తొలి సంపుటి 2002లో బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ నుంచి వచ్చింది.

పరిరక్షణ

అమెరికా పార్లమెంటు గ్రంథాలయం నిర్వహించే జాతీయ రికార్డింగుల జాబితాలో 'స్ట్రేంజ్ ఫ్రూట్', 'రెస్పెక్ట్' రెండూ మొదటి విడతలోనే, 2002లో, చేరాయి. ఏప్రిల్ 30ని అంతర్జాతీయ జాజ్ దినంగా యునెస్కో 2011లో ప్రకటించింది. డెట్రాయిట్‌లోని మోటౌన్ ఇల్లు మ్యూజియంగా మారింది. మెంఫిస్‌లోని స్టాక్స్ భవనాన్ని 1989లో కూల్చేశారు. అదే స్థలంలో దాని నమూనాలోనే కట్టిన మ్యూజియం 2003లో తెరుచుకుంది, పక్కనే ఆ పేటలోని పిల్లలకు స్టాక్స్ మ్యూజిక్ అకాడమీ సంగీతం నేర్పుతోంది.